70 శాతం మొలక మన ఎర్ర నేలకు చాలదు

వేరుశనగ విత్తన బస్తాకు కుట్టిన నీలం చీటీ మీద మొలక శాతం కనీసం 70 అని ఉంటుంది. సర్టిఫైడ్ విత్తనానికి దేశమంతా ఒకటే కొలత: మొలక 70, స్వచ్ఛత 96, గింజలో తేమ 9 శాతానికి మించకూడదు. అనంతపురం జిల్లాలో వాన మీద ఆధారపడి శెనక్కాయ వేసే రైతుకు ఆ 70 అన్న అంకె చెప్పేది చాలా తక్కువని నా వాదన. ఏటా ఆగస్టులో బెట్ట వచ్చి, అంటే వాన మొహం చాటేసి, చేను పోయిందని మనం అనుకునే నష్టంలో కొంత భాగం జూన్‌లోనే జరిగిపోయి ఉంటుంది. కొన్ని చేలల్లో అయితే కిందటి అక్టోబరులోనే.

వాన తక్కువన్న మాట నిజం. ఏడాదికి సగటున 550 మి.మీ. దగ్గర పడే జిల్లా ఇది. పడమటి కనుమలు మేఘాలను అటే పిండేసుకుంటాయి, మనకు మిగిలిందే వస్తుంది. ఆ సంగతి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. వాన గురించి వందసార్లు మాట్లాడుకున్నవాళ్లం విత్తనం గురించి పదిసార్లైనా మాట్లాడుకోలేదన్నదే నా బాధ.

ఆ 70 ఎలా తేలుతుందో ముందు చూద్దాం. ల్యాబులో 400 గింజలు లెక్కపెట్టి తడి కాగితాల మధ్యో, తడి ఇసుకలోనో పెడతారు. వేడి గింజకు సరిపడా ఉంటుంది, నీళ్లకు కొరత ఉండదు. ఐదో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి లెక్క చూస్తారు. పదో రోజుకు మామూలు మొలకగా తయారైన ప్రతి గింజా పాసే. మూడో రోజుకే లావుపాటి వేరు దింపిన గింజా, తొమ్మిది రోజులు ఈడ్చి ఈడ్చి లేచిన గింజా అక్కడ సమానం. పరీక్షను నేను తప్పుపట్టను. గింజలో ప్రాణం ఉందా లేదా అని తేల్చడానికి పెట్టిన పరీక్ష అది, ఆ పని బాగానే చేస్తుంది. మా చేలో ఆ గింజ ఏమవుతుందో చెప్పే పని దానికి ఎవరూ అప్పజెప్పలేదు.

మా చేల సంగతి వేరు. మాది కళ్యాణదుర్గం వైపు. గరుసు కలిసిన ఎర్ర నేల, లోతు తక్కువ, అడుగున రాయి. జూన్ ఆఖర్లోనో జూలై మొదట్లోనో నేలకు విత్తే తడి, అంటే పదును, ఇచ్చే వాన ఒకటి పడితే మర్నాటి నుంచే గొర్రులు కదులుతాయి. నీళ్లు ఎంత తొందరగా ఇంకుతాయో అంత తొందరగా ఆరిపోతాయి. దానికి తోడు ఆ నెలల్లో పడమటి గాలి. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలే మా చేలల్లోని పదునును కూడా ఎత్తుకుపోతుంది. విత్తిన రెండో రోజు వేలితో మట్టి గీకి చూస్తే రెండంగుళాల దాకా పొడి. అందుకే విత్తేటప్పుడు పెద్దవాళ్లు ఒకరినొకరు అడిగే మాట, "ఏం మామా, పదును ఇంకా ఉండాదా?" అని. ఆ మాటలో మొత్తం సాగు ఉంది.

ఇప్పుడు గింజ లోపల ఏం జరుగుతుందో చూడాలి, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది.

గింజ మొదట నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. దానికి ప్రాణంతో పనిలేదు, చచ్చిన గింజ కూడా ఉబ్బుతుంది. శెనక్కాయ గింజ తన బరువులో కనీసం మూడో వంతు నీళ్లు తాగితే తప్ప ముందుకు కదలదు. ఉబ్బాక కొంతసేపు పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది. లోపల మాత్రం ఎండిపోయి ముడుచుకున్న పొరలు మళ్లీ సర్దుకుంటాయి, దాచిపెట్టుకున్న నూనె కరిగి బలంగా మారడం మొదలవుతుంది, దెబ్బతిన్నచోట మరమ్మతు జరుగుతుంది. ఆ తర్వాతే ముక్కు చీల్చుకుని వేరు బయటికి వస్తుంది. వేరు రాకముందు గింజ మళ్లీ ఎండినా తట్టుకోగలదు, ఇంకో వానకు తిరిగి లేస్తుంది. వేరు బయటపడ్డాక ఎండిందా, అంతే సంగతులు. నేలలో పదును ఉన్న ఆ నాలుగైదు రోజుల్లోనే వేరు బయటికి వచ్చి, ఆరుతున్న పొరను దాటి, కింది తడిని అందుకోవాలి. సత్తువ ఉన్న గింజ అందుకుంటుంది. సత్తువ లేని గింజకు మరమ్మతుకే మూడు నాలుగు రోజులు పడుతుంది. అది వేరు బయటపెట్టే వేళకు చుట్టూ పొడి మట్టే. ల్యాబులో పదో రోజు పాసైన గింజ ఇక్కడ ఆరో రోజు చచ్చిపోతుంది, చీటీ మీది లెక్క ప్రకారం మాత్రం అది మంచి విత్తనమే.

ఇంకో దెబ్బ కూడా ఉంది. పాతబడిన గింజ పొరలు కారుతాయి. లోపలి చక్కెరలు నీళ్లతో పాటు మట్టిలోకి వచ్చేస్తాయి, ఆ తీపికి బూజు చేరుతుంది. విత్తిన రెండు మూడు వారాల్లో చేలో అక్కడక్కడా మొక్క వాలిపోతే పీకి చూడండి. మొదలు దగ్గర నల్లటి పొడి వేళ్లకు అంటుకుంటుంది. అది మొదలుకుళ్లు. కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించి విత్తితే చాలావరకు అడ్డుకోవచ్చు. అయితే మందు బూజును ఆపుతుంది గానీ గింజకు లేని బలాన్ని ఇవ్వలేదు.

మరి గింజకు బలం ఎక్కడి నుంచి రావాలి? తల్లి చెట్టు నుంచి. ఇక్కడే కిందటి అక్టోబరు వస్తుంది.

శెనక్కాయ చెట్టుకున్న ఒక విచిత్రం రైతులందరికీ కళ్లెదుట కనిపించేదే అయినా, దాని వెనక సంగతి చాలామందికి తెలియదు. పూత నేల పైన, కాయ నేల లోపల. చెట్టు వేరు తీసుకున్న సున్నం, అంటే కాల్షియం, నీళ్లతో పాటు పైకి ఆకుల్లోకి పోతుంది. ఆకు నీళ్లను ఆవిరి చేస్తూ ఉంటుంది కాబట్టి ప్రవాహం అటే ఉంటుంది. భూమిలో ఉన్న కాయ ఆవిరి చేయదు, అందుకని దానికి పైనుంచి సున్నం దాదాపు అందదు. కాయ తనకు కావలసిన సున్నాన్ని చుట్టూ ఉన్న మట్టిలోంచి తన పెంకు గుండా తానే పీల్చుకోవాలి. ఆ మట్టి తడిగా ఉంటేనే అది సాధ్యం. అక్టోబరులో కాయ ఊరే సమయానికి బెట్ట వస్తే, మట్టిలో సున్నం ఉన్నా కాయకు అందదు. కొన్ని కాయలు తాలు పోతాయి. నిండిన కాయల్లో కూడా గింజ మొలక దెబ్బతింటుంది, బద్దలు విడదీసి చూస్తే లోపలి మొలక మొన నల్లబడి కనిపిస్తుంది. తూకానికి ఆ గింజ బాగానే తూగుతుంది, నూనె మిల్లుకు పనికొస్తుంది, విత్తనానికి మాత్రం పనికిరాదు. ఆఖరి బెట్టలోనే గింజకు విషపు బూజు కూడా పట్టేది.

అందుకే ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం, అంటే సున్నం ఉండే ఎరువు, వేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏనాటి నుంచో చెబుతోంది. దాన్ని దిగుబడి కోసం వేసేదిగానే మనం చూశాం. నా లెక్కలో అది వచ్చే ఏటి విత్తనం కోసం వేసేది కూడా. చేనంతటికీ వేయలేని రైతు, విత్తనానికి ఉంచుకునే ఎకరాకైనా వేసి తీరాలి.

తల్లి చెట్టు ఇచ్చిన బలాన్ని నిల్వలో పోగొట్టుకోవడం మరో ఘట్టం. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందనీ, నిల్వ చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అలాగే రెట్టింపు అవుతుందనీ విత్తన శాస్త్రంలో ఒక మోటు సూత్రం ఉంది. దాన్ని తిరగేసి చదవండి. మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇనుప రేకుల గోదాములో బస్తా మీద బస్తా పేర్చిన నెట్టు నడిబొడ్డున ఎంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా ఇది సగం నూనె ఉన్న గింజ. జొన్న, కొర్ర ఆ వేడిని కొంత తట్టుకుంటాయి, శెనక్కాయ నూనె కనరెక్కినట్టే దాని ప్రాణమూ తరుగుతుంది. సర్టిఫైడ్ విత్తనానికి పరీక్ష నాటి నుంచి 9 నెలల చెల్లుబాటు ఉంటుంది. ఫిబ్రవరిలో 78 వచ్చిన విత్తనం వేసవంతా రేకుల కింద ఉడికి జూన్‌లో రైతు చేతికి వచ్చేసరికి ఎంత మిగిలిందో మళ్లీ చూడాలన్న నిబంధన లేదు. చట్టం ప్రకారం అంతా సక్రమం, చేలో మాత్రం సాళ్ల నిండా సందులు.

పాతకాలంలో విత్తనపు కాయను పెంకుతోనే ఉంచేవాళ్లు. కాయ పెంకు కంటే మంచి డబ్బా ఇంతవరకు ఎవరూ చేయలేదు. విత్తే ముందు వారం పది రోజుల్లో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని చేత్తో వలిచేవాళ్లు. మా అవ్వ వలిచేటప్పుడు నేను దగ్గర కూర్చుని చూసిన సంగతి ఒకటి చెప్పాలి. కాయ నడుము పట్టుకుని మొన దగ్గర బొటనవేలితో నొక్కితే ఠప్పుమని విచ్చుకునేది. గింజను అరచేతిలోకి దొర్లించి, ఎర్ర పొట్టు ఎక్కడైనా చిట్లిందా, ముక్కు విరిగిందా అని ఒక్క చూపు చూసి, బాగుంటే చేటలోకి, లేకపోతే కూరలోకి. ఆ చూపుకు అరక్షణం పట్టేది కాదు. పొట్టు చిట్లిన గింజలోకి నీళ్లు ఒక్కసారిగా దూకి లోపలి పొరలు పగులుతాయనీ, ముక్కులోనే వేరు ఉంటుందనీ అవ్వకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇవాళ మిషన్లో వలిచిన పప్పులో ముక్కు విరిగిన గింజ, పొట్టు ఊడిన గింజ అన్నీ కలిసే వస్తాయి. సులువుగా వలవడానికి కాయల మీద నీళ్లు చల్లుతారు, తడిసిన గింజ బస్తాలో వేడెక్కుతుంది. కూలీలు దొరకని కాలంలో మిషను వద్దనలేం. వలిచాక జల్లెడ పట్టి ఏరించడం మాత్రం మానకూడదు, నీళ్లు చల్లనివ్వకూడదు.

ఈ మాటలన్నీ ఒక గోనె సంచితో తేల్చుకోవచ్చు. బస్తాలో పైన, నడుమ, అడుగున చెయ్యి పెట్టి గింజలు తీసి, కలిపి, ఏరకుండా 100 లెక్కపెట్టండి. ఏరితే పరీక్ష పాడవుతుంది. గోనె సంచి తడిపి, నీళ్లు కారకుండా పిండి, పరిచి, పది వరసల్లో పేర్చి, చాపలా చుట్టి నీడలో పెట్టండి. ఆరకుండా పూటకోసారి నీళ్లు చిలకరించాలి. నాలుగో రోజు విప్పితే కథంతా కనిపిస్తుంది. మంచి గింజల వేరు తెల్లగా, లావుగా, మొన మాయకుండా గోనె పోగుల్లోకి దూరి ఉంటుంది, లాగితే పట్టుకుంటుంది. కొన్నింటిలో వేరు వచ్చి ఆగిపోయి మొన గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఇంకొన్ని ఉబ్బాయి గానీ కదల్లేదు. నొక్కితే పొట్టు జారిపోయి బద్దలు జిగటగా తగులుతాయి, ముక్కుకు కనరు వాసన కొడుతుంది. మొదటి రకాన్నే లెక్కపెట్టండి. పదో రోజు దాకా ఆగితే మరికొన్ని లేస్తాయి, మీ మనసుకు ఊరట కలుగుతుంది, మెట్ట చేనుకు మాత్రం వాటి వల్ల ఒరిగేది లేదు. నాలుగో రోజుకు గట్టి వేరు దింపినవి 70కి తక్కువగా ఉంటే నేనైతే ఆ విత్తనాన్ని బోరు కిందికి ఉంచుకుంటాను, మెట్టలో వేయను.

ఇక బెట్టకు తట్టుకునే రకాల దగ్గరికి వస్తాను. ఈ మాట వినగానే అందరూ రకం పేరు అడుగుతారు. కదిరి పరిశోధన కేంద్రం మన ప్రాంతానికి చేసిన మేలు చిన్నది కాదు. కదిరి-6 లేని ఊరు ఈ చుట్టుపక్కల కనిపించదు. ఆ తర్వాత కదిరి-9, కదిరి లేపాక్షి వచ్చాయి. హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల ఐసీజీవీ 91114 రకాన్ని అనంతపురం రైతులే తమ చేలల్లో వేసి చూసి మెచ్చుకున్నారు. వీటి విలువను నేను తగ్గించడం లేదు. కానీ రకం ఇచ్చే తట్టుకునే గుణం మొక్క నిలబడ్డాకే పనిచేస్తుంది.

శెనక్కాయ మొక్క బెట్టను ఎలా ఎదుర్కొంటుందో మిట్టమధ్యాహ్నం చేలోకి వెళ్తే తెలుస్తుంది. ఆకులు రెండేసి దగ్గరగా మూసుకుని, ఎండకు అంచు మాత్రం చూపించి నిలబడి ఉంటాయి. సాయంత్రానికి మళ్లీ విచ్చుకుంటాయి. పొద్దున లేచి వెళ్లినప్పుడు కూడా మూసుకునే ఉంటే చేను నిజంగా ఇబ్బందిలో ఉన్నట్టు. విత్తాక తొలి మూడు నాలుగు వారాల్లో కొంచెం బెట్ట తగిలి, ఆ తర్వాత మంచి వాన పడితే శెనక్కాయ ఇంకా బాగా కాస్తుందని పరిశోధనల్లో తేలింది. వేరు లోతుకు పోతుంది, పూత ఒక్కసారిగా వస్తుంది. మన దగ్గర ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. జూలైలో విత్తిన చేను ఆగస్టు బెట్టను దాటి సెప్టెంబరు వానను అందుకుంటే ఊడలు దిగుతాయి. అంటే మన వానల తీరుకూ ఈ పంట స్వభావానికీ పొత్తు కుదిరే అవకాశం ఉంది. ఆగస్టు బెట్ట శాపం కానక్కర్లేదు. అయితే ఆ లాభం వేరు ముందే లోతుకు దిగిన మొక్కకే. పదో రోజు లేచిన అర్భకపు మొక్కకు ఆగస్టు బెట్టే ఆఖరు, అది ఎంత గొప్ప రకమైనా సరే.

లెక్క కూడా చూద్దాం. సాలుకు సాలుకు 30 సెం.మీ., మొక్కకు మొక్కకు 10 సెం.మీ. అంటే చదరపు మీటరుకు 33 మొక్కలు ఉండాలి. 70 శాతం మొలిస్తే 23. చేలో అదీ మొలవదు. సందుల్లో ఎండ నేరుగా నేలకు తగిలి ఉన్న తడి కూడా ఆవిరైపోతుంది, గడ్డి లేస్తుంది. రైతు దీనికి కనిపెట్టుకున్న విరుగుడు గింజలు ఎక్కువ పోయడం. ఎకరాకు 60, 70 కిలోల పప్పు పట్టే పంటలో మూడో వంతు ఎక్కువ పోస్తే అయ్యే ఖర్చు చిన్నది కాదు. సాగు ఖర్చులో విత్తనమే ఒక పెద్ద పద్దు అయిన పంట ఇది.

"అయితే కొర్ర వేసుకోండి" అని ఈ మధ్య చాలామంది అంటున్నారు. నేనూ సగం ఒప్పుకుంటాను. కొర్రకు ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. చిన్న గింజ, తాగే నీళ్లు తక్కువ, తొందరగా లేస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోపల పోగుచేసుకునే తీరు కొర్ర, జొన్న, సజ్జలకు ఉంది కాబట్టి ఆకు రంధ్రాలు కొంచెమే తెరిచి కూడా పెరగగలవు. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన సూర్యనంది కొర్ర 70, 75 రోజుల్లో చేతికొస్తుంది. కానీ చిన్న గింజకు చిన్న మూటే ఉంటుంది, రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతున పడితే పైకి రాలేదు. విత్తాక గట్టి వాన కొట్టి మర్నాడు ఎండ కాస్తే ఎర్ర నేల పైపొర అట్ట కడుతుంది, ఆ అట్ట కింద కొర్ర మొలక వంకర తిరిగి పచ్చగా మారకుండానే మాడిపోతుంది. పశువుల ఎరువు, చెరువు మట్టి, గొర్రెల మంద తోలించిన చేలల్లో ఈ అట్ట అంతగా పట్టదు. మందలు తగ్గిపోయిన కొద్దీ మన నేలలో జీవం తగ్గింది, దాని గురించి విడిగా రాయాలి.

కర్నూలు నల్లరేగడిలో శనగ వేసే వాళ్లకు ఒక్క మాట. విత్తే ముందు రాత్రి శనగల్ని 8 గంటలు నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరేలా నీడలో పరిచి, పొద్దున్నే విత్తితే మొలక ముందుగా, ఒకేసారిగా వస్తుంది. జొన్నకు 10 గంటలు. మరమ్మతు పని నేలలో కాకుండా గిన్నెలోనే అయిపోతుంది కాబట్టి ఆ మేరకు పదును మిగులుతుంది. శెనక్కాయకు మాత్రం ఇలా చేయకండి, పొట్టు ఊడి బద్దలు విడిపోతాయి.

నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న వేరే ఉంది. విత్తనం ఇంట్లో ఉంచుకునే స్తోమత రైతుకు ఎక్కడిది? కల్లంలో కాయ ఆరకముందే అప్పిచ్చిన వ్యాపారి కాటా తెచ్చి పెడతాడు. విత్తనానికి నాలుగు బస్తాలు పక్కన పెట్టడమంటే ఆ మేరకు అప్పు మిగలడం. మళ్లీ జూన్‌లో సబ్సిడీ విత్తనం కోసం లైను. ఇది రైతు బద్ధకం కాదు, నాలుగు బస్తాల అప్పుకు ఆరు నెలలు వేచి ఉండే వెసులుబాటు లేకపోవడం. బోరున్న రైతు డిసెంబరులో వేసి మార్చి, ఏప్రిల్‌లో పీకే రబీ శెనక్కాయ మన వానాకాలపు విత్తనానికి అన్నిటికంటే నప్పుతుంది. తడి తప్పదు కాబట్టి గింజకు సున్నం అందుతుంది, నిల్వ రెండు నెలలే, కదిరి-6కు నిద్రావస్థ లేదు కాబట్టి కొత్త గింజ వెంటనే మొలుస్తుంది. ప్రతి మండలంలో అలాంటి రబీ చేను ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల కాయను ఊరి దగ్గరే కొని, ఊరి దగ్గరే పంచితే బస్తా వందల కిలోమీటర్లు తిరగనక్కర్లేదు.

అంతవరకు నేను అడిగేది తక్కువే. మెట్ట జిల్లాలకు వచ్చే వేరుశనగ విత్తనం ప్రతి లాటునూ మేలో మళ్లీ పరీక్ష చేయాలి. మొదటి లెక్కను ఐదో రోజుకు బదులు నాలుగో రోజే చూసి, దాన్ని కూడా చీటీ మీద వేయాలి. గింజల్ని 40 డిగ్రీలు దాటిన ఆవిరి పెట్టెలో మూడు రోజులు ఉంచి ఆ తర్వాత మొలకెత్తించే సత్తువ పరీక్ష ఉంది, నానబెట్టిన నీళ్లలోకి ఎంత కారిందో మీటరుతో చూసే పరీక్ష ఉంది. ఏవీ కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. మే 15న గింజలు పెడితే 19న మొదటి లెక్క, 25న చివరి లెక్క చేతికొస్తాయి. పంపిణీ మొదలయ్యే లోపు పనికిరాని లాటును పక్కన పెట్టడానికి ఆ వ్యవధి సరిపోతుంది.